నూట పద్దెనిమిది మిల్లీమీటర్లు

మంత్రికి వాతావరణ పురస్కారం వచ్చిన సంగతి మా వీధికి కటింగ్ షాపులో తెలిసింది. ఉదయం తొమ్మిది కావస్తోంది. నేను ముఖాన సబ్బు నురగతో, మెడకు గుడ్డతో కుర్చీలో వెనక్కి వాలి ఉన్నాను. గోడ మీది టీవీలో మంత్రి కనిపించాడు. ఎక్కడో చల్లటి దేశంలో, పెద్ద వేదిక మీద, గాజు భూగోళాన్ని రెండు చేతులా అందుకుంటున్నాడు. 'వాతావరణ మార్పుపై అలుపెరగని పోరాటానికి అంతర్జాతీయ గౌరవం' అని కింద అక్షరాలు పరుగెడుతున్నాయి.

బెంచీ మీద కూర్చున్న లారీ డ్రైవరు పకపకా నవ్వాడు.

"పోరాటమా? అవును, చేశాడు. చెరువు మీద చేశాడు, కాలువ మీద చేశాడు. పాపం రెండూ ఓడిపోయాయి."

"రోడ్డు వెడల్పుకని చెట్ల మీద కూడా చేశాడన్నా. ఒక్కటి మిగిలితే ఒట్టు" అన్నాడు కూరగాయల బండి అతను.

పేపరు చదువుతున్న పాత బడి మాస్టారు కళ్లజోడు పైకి నెట్టారు. "ఎంతైనా మన ఊరి పేరు ప్రపంచానికి తెలిసింది కదయ్యా."

"తెలిసింది మాస్టారూ, మునిగిన ఊరని."

అందరూ నవ్వారు. షాపు యజమాని మాత్రం నవ్వలేదు. అతని కత్తి నా చెంప మీదే ఆగిపోయింది. టీవీలో మంత్రి గొంతు సవరించుకుని మాట్లాడుతున్నాడు: "మా ఊళ్లో ఒకే ఒక్క మధ్యాహ్నం మూడు వందల పద్దెనిమిది మిల్లీమీటర్ల వాన కురిసింది. ఏడుగురు నా కళ్ల ముందే కొట్టుకుపోయారు. ఆ రోజే నేను ఈ భూమికి మాట ఇచ్చాను." అక్కడ సభలో ఎవరో ఆడమనిషి కళ్లు తుడుచుకుంది.

ఆ ఏడుగురిలో ఒకరు ఈ కటింగ్ షాపాయన తల్లి.

"కళ్ల ముందట" అన్నాడతను, కత్తిని తువ్వాలుకు తుడుస్తూ. "ఆ రోజు వీడు ఊళ్లోనే లేడు."

గుమ్మం దగ్గర అలికిడైంది. చేతిలో పాల గిన్నెతో వానక్క నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరం చూడలేదు.

"ఎంతన్నాడు?" అని అడిగింది.

"మూడు వందల పద్దెనిమిది" అన్నాడు లారీ డ్రైవరు.

ఆమె వెనక్కి తిరిగి, వీధి కాలువలోకి కాండ్రించి ఉమ్మింది. నలుగురిలో చీదడానికి కూడా మొహమాటపడే మనిషి. తర్వాత కొంగుతో మూతి తుడుచుకుని, ఇంకేమీ మాట్లాడకుండా వెళ్లిపోయింది.

ఆమె అసలు పేరు పెన్షను కాగితాల్లో ఉంటుంది. మాకందరికీ వానక్క. నీళ్ల ట్యాంకు ఆవరణలో ఉన్న వాతావరణ కేంద్రంలో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేసింది. కేంద్రమంటే పెద్ద భవనం అనుకునేరు. ముళ్లకంచె కట్టిన చిన్న గడ్డి మడి, అంతే. అందులో కాళ్ల మీద నిలబెట్టిన తెల్ల చెక్కపెట్టె, దాని నాలుగు గోడలకూ గాలి ఆడే సందులు, లోపల థర్మామీటర్లు. కాస్త ఎడంగా నేలలో పాతిన వానకొలత డబ్బా. పైన గరాటు, లోపల సీసా. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు ఆ సీసా తీసి, నీళ్లను గీతల గ్లాసులో పోసి చూడాలి. గరాటులో ఆకులుంటే తీయాలి. కాకి రెట్ట వేస్తే కడగాలి.

ఆమెకు ముందు ఆ పని వాళ్ల నాన్నది. ఎనిమిదేళ్ల పిల్లప్పుడే దగ్గర కూర్చోబెట్టుకుని నేర్పించాడట. "నీళ్ల అంచు చూడకమ్మా, మధ్యలో కుంగిన చోటు చూడు. గ్లాసును కంటి దగ్గరికి ఎత్తకు. నువ్వే కిందికి వంగు." ఇంకొకటి కూడా నేర్పాడు. ముందు చేతిపుస్తకంలో పెన్సిలుతో రాసుకోవాలి, తర్వాతే ఆఫీసు రిజిస్టరులో సిరాతో ఎక్కించాలి. వానలో సిరా కారిపోతుంది, పెన్సిలు కారదు.

ఆమెకు పెళ్లయింది, పిల్ల పుట్టింది, తండ్రి పోయాడు. ఎనిమిదిన్నర మాత్రం తప్పలేదు. పురుటి నొప్పులు మొదలయ్యాక కూడా గ్లాసు చూసి, అంకె రాసి, అప్పుడు ఆసుపత్రికి వెళ్లింది. ఆ రోజు ఆరు పాయింట్ నాలుగు. ఆమె భర్త బస్సు కండక్టరుగా చేసి దిగినవాడు. "మా పెళ్లి ఏ సంవత్సరమో అడగండి, తడుముకుంటుంది. ఆ రోజు వాన ఎంతో అడగండి, టక్కున చెబుతుంది" అనేవాడు.

ఎండలు ముదురుతున్నాయని మాలో మొదట గమనించింది ఆమే. నాన్న పుస్తకాలు, తన పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చూసింది. వేసవి రాత్రులు చల్లబడటం మానేస్తున్నాయి. డిగ్రీకి పైనే తేడా. రెండు పేజీల ఉత్తరం రాసి పెద్దాఫీసుకు పంపింది. 'నమోదు చేయుట మీ విధి, వ్యాఖ్యానించుట కాదు' అని ఒక్క వాక్యం జవాబొచ్చింది. అప్పటికి మన మంత్రికి వాతావరణం అంటే సభకు వాన పడుతుందా లేదా అన్నంతవరకే తెలుసు.

ఆరేళ్ల కిందట వచ్చింది ఆ వరద. మా ఊరి పల్లపు వీధి వెనక వరద కాలువ ఉంది. ఊళ్లో కురిసిన నీళ్లన్నీ అందులోంచే ఏటికి పోవాలి. దాని వెడల్పు నలభై రెండు అడుగులు. ఉండేది అనాలి. మంత్రి బావమరిది ఆ కాలువను పూడ్చి దాని మీద మూడంతస్తుల షాపింగ్ కాంప్లెక్సు కట్టాడు. కాలువకు పద్నాలుగు అడుగులు వదిలాడు. అనుమతి కాగితం మీద సంతకం బావగారిది.

ఆ రోజు పన్నెండింటికి మొదలైన వాన అయిదింటి దాకా కురిసింది. పోవడానికి దారి లేని నీళ్లు కాంప్లెక్సు గోడకు తగిలి వెనక్కి మళ్లాయి. పల్లపు వీధిలోకి వచ్చాయి. కింది గదుల్లోకి వచ్చాయి. కటింగ్ షాపాయన తల్లికి పక్షవాతం. మంచం మీదే ఉండేది. అతను షాపు వదిలేసి, ఛాతీ లోతు నీళ్లలో ఈదుకుంటూ ఇంటికి చేరాడు. తలుపు తెరుచుకోలేదు. లోపల నీళ్లు, బయట నీళ్లు. కిటికీ ఊచలు పట్టుకుని అమ్మా అమ్మా అని పిలుస్తూనే ఉన్నాడట. మిగతాది అతనెప్పుడూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

మర్నాడు ఉదయం వానక్క మోకాటి లోతు బురదలో వెళ్లి సీసా తీసింది. నూట పద్దెనిమిది మిల్లీమీటర్లు. పెద్ద వానే. కానీ అంతకు నాలుగేళ్ల ముందు నూట ముప్పై ఒకటి పడితే పల్లపు వీధిలో పాదాలు తడిశాయి, అంతే. అప్పుడు కాంప్లెక్సు లేదు.

పది గంటలకు ట్యాంకు ఆఫీసు ఇంజనీరు జీపులో వచ్చాడు. నెమ్మదైన మనిషి, గొంతు పెంచడు.

"నూట పద్దెనిమిదేనా అమ్మా?"

"అవునండీ."

"ఏడుగురు పోయారు. నూట పద్దెనిమిదికి ఏడుగురు పోతారా?"

"వాన వల్ల పోలేదండీ. కాలువ లేక పోయారు."

ఇంజనీరు తన జేబులోంచి పెన్ను తీసి ఆమె ముందు పెట్టాడు. "ఒకటిని మూడు చేయడానికి ఎంతసేపు? చిన్న గీత."

"గీత చిన్నదే సార్. నాకు చేతకాదు."

అతను కోప్పడలేదు. రిజిస్టరు పరిశీలనకు కావాలని పట్టుకుపోయాడు. వారం తర్వాత ప్రభుత్వ నివేదిక వచ్చింది. అందులో వాన మూడు వందల పద్దెనిమిది. 'కనీవినీ ఎరుగని ప్రకృతి వైపరీత్యం. ఏ కాలువా మోయలేనిది' అని రాశారు. నాలుగు నెలలకు కేంద్రం మూసేశారు. దాని బదులు స్తంభం మీద ఆటోమేటిక్ మిషను పెట్టారు. మొదటి నెలలోనే ఎలుకలు దాని వైర్లు కొరికేశాయి. వానక్కను ట్యాంకు ఆఫీసు రికార్డు గదిలో కూర్చోబెట్టారు. అక్కడే రిటైరైంది.

అబద్ధం రాయనందుకు ఆమెను మెచ్చుకోవచ్చు. కానీ కథ అంత సులువు కాదు. పల్లపు వీధివాళ్లు కాలువ మీద కోర్టుకెళ్లారు. ముందు నిలబడింది కటింగ్ షాపాయన. కాంప్లెక్సు తరఫు లాయరు ప్రతి వాయిదాకూ ఒకటే పాట పాడేవాడు: మూడు వందల పద్దెనిమిది పడితే నలభై రెండు అడుగుల కాలువైనా మోయలేదు. అప్పుడు కటింగ్ షాపాయన వానక్క ఇంటికి వెళ్లాడు. నీ చేతిపుస్తకం ఒక్కసారి కోర్టుకు తే అక్కా అన్నాడు.

వానక్క కూతురు ప్రభుత్వాసుపత్రిలో నర్సు. కాంట్రాక్టు ఉద్యోగం. పర్మినెంటు చేసే లిస్టు మంత్రి బల్ల మీదికి వెళ్లి రావాలి.

"నన్ను వదిలెయ్ తమ్ముడూ" అంది.

"సరే అక్కా" అన్నాడు. మళ్లీ అడగలేదు. ఎదురైతే ఎప్పటిలాగే పలకరించేవాడు. తిట్టి ఉంటే బాగుండేది, ఆ 'సరే' మూడేళ్లు గుచ్చుకుంటూనే ఉంది అని తర్వాత నాతో చెప్పింది.

ఈలోగా ఆ మూడు వందల పద్దెనిమిది మంత్రికి అచ్చొచ్చింది. మొదట అసెంబ్లీలో చెప్పాడు. తర్వాత రాజధానిలో చెప్పాడు. ఆ తర్వాత విమానాలెక్కి దేశదేశాల్లో చెప్పాడు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగినవాడి సంగతి విన్నాం. ఈయన ఇల్లు తనే కాల్చి, ఆ వెలుగులో ఫొటో దిగాడు.

పురస్కారం వచ్చిన నాలుగో రోజు మంత్రి పీయే వానక్క ఇంటికి వచ్చాడు. టౌన్ హాల్లో పౌరసన్మానం. విదేశీ టీవీ వాళ్లు వస్తున్నారు. ఆ వాన కొలిచిన మనిషిని చూపించమంటున్నారు.

"వేదిక మీద కుర్చీ వేస్తాం మేడం. ఏమీ మాట్లాడక్కర్లేదు" అన్నాడు. లేస్తూ, గది మూల యూనిఫాం ఇస్త్రీ చేసుకుంటున్న కూతురి వైపు తిరిగాడు. "పర్మినెంటు లిస్టు ఈ నెలలోనే వస్తుందట కదమ్మా?"

అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు. ముందు వానక్క భర్తే అన్నాడు: "అడుసు తొక్కనేల, కాలు కడగనేల. వెళ్లకు."

కూతురు ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది. "తొమ్మిదేళ్లుగా నేను అడుసులోనే ఉన్నా నాన్నా. నా కాళ్లెవరు కడుగుతారు? అమ్మా, వెళ్లి కూర్చుని రా. అంతే కదా."

వానక్క వెళ్లింది.

ఆ సభకు నేనూ వెళ్లాను. నేను కోర్టులో టైపిస్టుని. ఆఫీసుకు ఇద్దరు చొప్పున రావాలని పైనుంచి మాట వచ్చింది. హాలు బయట ఇరవై బస్సులు, ఇంజన్లు ఆపకుండా పొగ వదులుతున్నాయి. జనరేటరు హోరు. లోపల ఏసీకి పళ్లు కటకటలాడాయి. ద్వారానికి ప్లాస్టిక్ ఆకుల తోరణం. వేదిక అంచున వందలాది మొక్కల కుండీలు, ప్రతి కుండీకి చిన్న చీటీ: 'నర్సరీకి వాపసు'. జనాన్ని బట్టల మిల్లు నుంచి షిఫ్టుకు షిఫ్టు తోలుకొచ్చారు. ముందు వరసలో తెల్ల చొక్కా మనిషి ఒకడు. అతను చెయ్యెత్తితే చప్పట్లు, దించితే నిశ్శబ్దం.

నా పక్కన కూర్చున్న మిల్లు మనిషి, "ఏం చేశాడటండీ ఈయన?" అని అడిగాడు.

"భూమిని కాపాడాడట."

"ఏ సర్వే నంబరుది?" అన్నాడు.

వానక్క వేదిక మీద మూడో కుర్చీలో, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, ఆసుపత్రిలో చీటీ పట్టుకుని పిలుపు కోసం కూర్చున్నట్టు కూర్చుంది. మంత్రి ఉపన్యాసం మధ్యలో ఆమె చెయ్యి పట్టుకుని లేపాడు. "ఇదిగో, ఆ ప్రళయాన్ని తన చేతులతో కొలిచిన మా అక్క!" తెల్ల చొక్కా చెయ్యి లేచింది. హాలు దద్దరిల్లింది. విదేశీ టీవీ అమ్మాయి మైకు పట్టుకుని ముందుకొచ్చింది. ఆ రోజు మీకేమనిపించింది అని దుబాసీ చేత అడిగించింది.

వానక్క మైకు వైపు వంగింది. "ఆ రోజు వాన నూట పద్దెనిమిది మిల్లీమీటర్లండీ."

నేను స్పష్టంగా విన్నాను. దుబాసీ కూడా విన్నాడు. అతను మంత్రిగారి మనిషి. తడుముకోకుండా టీవీ అమ్మాయికి చెప్పేశాడు. నాకా భాష అంతగా రాదు కానీ అంకెలు తెలుసు. మూడు వందల పద్దెనిమిది అన్నాడు.

"కాదండీ, నూట..." అని వానక్క మళ్లీ మొదలెట్టింది. తెల్ల చొక్కా చెయ్యి లేచింది. ఎనిమిది వందల మంది చప్పట్లు కొట్టారు. ఆమె పెదాలు కదలడం కనిపిస్తోంది, మాట వినిపించడం లేదు. మంత్రి నవ్వుతూ గాజు భూగోళాన్ని ఆమె చేతుల్లో పెట్టి, భుజం మీద చెయ్యి వేసి, కెమెరాల వైపు తిప్పాడు.

చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. చేతులు వాటంతట అవే కొట్టాయి. ఇంటికొచ్చి వాటిని సబ్బుతో కడుక్కున్నాను.

మర్నాడు పేపర్లో మొదటి పేజీలో ఫొటో. భూగోళం పట్టుకున్న వానక్క, పక్కన మంత్రి. "ఆ 318 మిల్లీమీటర్ల వానను మరచిపోలేను" అని ఆమె కన్నీళ్లు పెట్టుకున్నట్టు కింద రాశారు.

అప్పటిదాకా మంత్రి మీద ఉన్న రోత అంతా ఒక్కసారిగా ఆమె మీదికి మళ్లింది. మంత్రి అందనంత ఎత్తులో ఉన్నాడు, ఆమె మూడో ఇంట్లో ఉంది.

"అక్కకి కూడా ముట్టిందన్నమాట" అన్నాడు లారీ డ్రైవరు.

"నోట్లో నాలుక లేనట్టు ఉండేది. ఇప్పుడు చూడు" అంది పాల బూత్ ఆమె. పల్లపు వీధి ఆడవాళ్లు ఎదురైతే ముఖం తిప్పుకున్నారు. ఎవరో ఆమె గోడ మీద సుద్దతో 318 అని పెద్దగా రాశారు. ఆమె భర్త తడిగుడ్డతో తుడిచాడు. మర్నాడు మళ్లీ రాశారు. నేను షాపులో రెండుసార్లు చెప్పాను, ఆవిడ అలా అనలేదు, నేను విన్నాను అని. "అయితే పేపరుకు రాయండి సార్" అన్నాడు కూరగాయల బండి అతను. ప్రభుత్వ ఉద్యోగిని కదా అని నసిగాను. అతను నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది.

వానక్క పేపరాఫీసుకు వెళ్లింది. రెండు గంటలు కూర్చోబెట్టి, తప్పకుండా సవరణ వేస్తామన్నారు. వేశారు. వారం తర్వాత, లోపలి పేజీలో, పెళ్లిసంబంధాల ప్రకటనల కింద: 'సవరణ. మంత్రి సన్మాన వార్తలోని మహిళ వయసు అరవై ఒకటి కాదు, అరవై రెండు అని చదువుకోగలరు.'

ఆ పేపరు చేత్తో పట్టుకుని ఆ మధ్యాహ్నమే కటింగ్ షాపుకు వచ్చింది. షాపులో అతనొక్కడే ఉన్నాడు, భోజనం చేసి కత్తెర్లు తుడుచుకుంటున్నాడు. తర్వాత ఇద్దరూ నాకు చెప్పిన మాటలు ఒకేలా ఉన్నాయి కాబట్టి నమ్ముతాను.

"తమ్ముడూ, నా ముఖాన ఉమ్మెయ్యి" అంది.

"ఆ పని ఫొటో చూసినప్పుడే అయిపోయిందక్కా" అన్నాడతను. తర్వాత కుర్చీ మీది వెంట్రుకలు దులిపాడు. "కూర్చో."

ఆమె కూర్చుంది. "ఆ వేదిక మీద నాకు రోత పుట్టింది వాణ్ని చూసి కాదు. వాడెలాంటివాడో మనకి తెలుసు. నా మాట నేను చెప్పాను కదా, నా పని అయిపోయింది కదా అని లోపల ఒక్క క్షణం హాయిగా అనిపించింది. దానికి పుట్టింది. మూడేళ్ల కిందట నువ్వు అడిగినప్పుడు చెప్పాల్సింది అక్కడ చెప్పి ఏం లాభం?"

అతను తుడిచిన కత్తెరను సొరుగులో పెట్టాడు.

"వాయిదా ఎప్పుడు?"

"బుధవారం."

ఇంటికెళ్లి కూతురికి చెప్పింది. కూతురు అరిచింది, ఏడ్చింది, గిన్నెలు విసిరేసింది. "నీకు నీ అంకె ముఖ్యం, నేను కాదు" అంది. అది అంటే పడాల్సిందే అని వానక్క తర్వాత నాతో అంది.

బుధవారం ఆమె సాక్ష్యాన్ని టైపు చేసింది నేనే. చిన్న కోర్టు గది. ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. జడ్జిగారు మధ్యవయసు ఆవిడ, జలుబుతో ఉన్నారు. వానక్క గుడ్డసంచిలోంచి చేతిపుస్తకం తీసి బల్ల మీద పెట్టింది. కాంప్లెక్సు తరఫు లాయరు దాన్ని రెండు వేళ్లతో ఎత్తి చూశాడు.

"పెన్సిలు రాత. ఎప్పుడైనా చెరిపి రాయొచ్చు. అవునా?"

"రాయొచ్చండీ. చెరిపితే కాగితం గరుకెక్కుతుంది. తడిమి చూడండి."

జడ్జిగారు చెయ్యి చాచి పుస్తకం తీసుకుని నిజంగానే తడిమి చూశారు.

లాయరు దారి మార్చాడు. "ప్రపంచమంతా వాతావరణం మారుతోందని శాస్త్రవేత్తలు మొత్తుకుంటున్నారు. మీరు మాత్రం అంతా మామూలే అంటారు. అంటే మీరు వాతావరణ మార్పును నమ్మరన్నమాట?"

"నమ్మడానికి అదేమన్నా పుకారా అండీ? నేను కొలిచాను. మా నాన్న పుస్తకాలు కూడా తెచ్చాను. రాత్రి వేడి డిగ్రీ పైన పెరిగింది. వానలు కుదురుగా పడటం మానేశాయి. అది నిజమే. ఆ రోజు నూట పద్దెనిమిది పడిందన్నదీ నిజమే. రెండూ ఒకే చేత్తో రాశాను. మీరు ఒకదానికి ఇంకోదాన్ని ముసుగేసి అబద్ధం చేస్తే, రేపు నిజంగా మూడు వందలు పడ్డ రోజున ఎవరు నమ్ముతారు?"

"ఉపన్యాసాలొద్దు. ప్రభుత్వ నివేదిక తప్పు, మీ చిత్తుపుస్తకం ఒప్పు. అంతేనా?"

"నివేదికలో వాన ఎన్నిసార్లు కొలిచినట్టు ఉందండీ?"

"ప్రశ్నలు నేను అడగాలి."

"ఎన్నిసార్లు ఉంది?" అని అడిగింది ఈసారి జడ్జిగారు, ముక్కు తుడుచుకుంటూ.

లాయరు కాగితాలు తిరగేశాడు. "ఒక్కసారే. ఉదయం ఎనిమిదిన్నరకు."

"మా సీసా పట్టేది రెండు వందలండీ" అంది వానక్క. "అంతకు మించి పడితే పొంగి నేలపాలే. మూడు వందల పద్దెనిమిది పడి ఉంటే మధ్యలో ఒకసారి తీసి కొలిచి ఉండాలి. అప్పుడు రెండు అంకెలుండాలి. ఒకే అంకె రాశారు. పాపం, దిద్దినవాళ్లకి సీసా ఎంత పడుతుందో తెలియదు."

నా వేళ్లు ఆగిపోయాయి. కటింగ్ షాపాయన వెనక బెంచీ మీద తల వంచుకుని కూర్చున్నాడు. అతని భుజాలు కదులుతున్నాయి. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు.

"టైపు చేయండి" అన్నారు జడ్జిగారు నాతో.

నెలాఖరుకు పర్మినెంటు లిస్టు వచ్చింది. కూతురి పేరు లేదు. ఆ తర్వాత కాంట్రాక్టు కూడా పొడిగించలేదు. ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తక్కువ జీతానికి చేరింది. రెండు నెలలు తల్లితో మాట్లాడలేదు. మూడో నెలలో ఒకరోజు డ్యూటీ నుంచి వచ్చి, "ఆసుపత్రిలో ఒక ముసలాయన వానక్క కూతురివా అని అడిగి చెయ్యి పట్టుకున్నాడు. పల్లపు వీధి ఆయన. వదల్లేదు" అంది. అంతే. క్షమించినట్టూ కాదు, కానట్టూ కాదు. అప్పట్నుంచి ఇంట్లో మాటలు మొదలయ్యాయి.

తీర్పు రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. కాలువను నలభై రెండు అడుగులకు పునరుద్ధరించాలి, అడ్డున్న కట్టడం కూల్చాలి అన్నారు. నష్టపరిహారం మాట ఉంది. నివేదిక 'విశ్వసనీయం కాదు' అన్న మాట ఉంది. మంత్రి పేరు ఎక్కడా లేదు. ఇంజనీరుకు అప్పటికే ప్రమోషను వచ్చింది. మంత్రి ఆ వారం ఇంకో దేశంలో పెరుగుతున్న సముద్రాల గురించి మాట్లాడుతున్నాడు. పురస్కారం ఇచ్చిన సంస్థకు పల్లపు వీధివాళ్లు తీర్పు కాపీ పంపారు. 'మీ స్పందనకు కృతజ్ఞతలు' అని అచ్చు జవాబు వచ్చింది.

కూల్చే రోజు జనం బాగా చేరారు. దుమ్ము లేచింది. పొక్లెయినరు మొదటి గోడను తోసేసరికి పల్లపు వీధి పిల్లలు ఈలలు వేశారు. అప్పుడే ఇద్దరు మనుషులు నిచ్చెన తెచ్చి, ఎదురుగా కరెంటు స్తంభాలకు పెద్ద ఫ్లెక్సీ కట్టారు. ఆకుపచ్చ రంగు. మంత్రి రెండు చేతులూ జోడించి నవ్వుతున్నాడు. 'మన కాలువను మనకు తిరిగి ఇచ్చిన ప్రకృతి ప్రేమికుడికి ప్రజల కృతజ్ఞతలు.'

ఈలలు ఆగిపోయాయి. "ఛీ" అన్నాడు లారీ డ్రైవరు. అతనికి ఎప్పుడూ జోకు దొరుకుతుంది, ఈసారి దొరకలేదు. కటింగ్ షాపాయన ఆ బొమ్మను చాలాసేపు చూశాడు. భుజాన తువ్వాలు అలాగే ఉంది. షాపులో సగం గడ్డంతో ఎవరినో వదిలి వచ్చాడట. "వస్తాను" అని వెనక్కి వెళ్లిపోయాడు.

వానక్క ఫ్లెక్సీ వైపు ఒక్కసారే చూసింది. తర్వాత శిథిలాల మీదుగా జాగ్రత్తగా అడుగులేసుకుంటూ కాలువ గట్టు దాకా వెళ్లింది. అక్కడ మేస్త్రీ తాడు కట్టి సున్నంతో గీత గీయిస్తున్నాడు.

"టేపు ఉందా నాయనా?" అని అడిగింది.

ఒక కొస అతని చేతికిచ్చి, రెండో కొస తను పట్టుకుని అవతలి గీత దాకా నడిచింది. మోకాళ్ల నొప్పులు. అయినా వంగి అంకె చూసింది.

"ముప్పై ఆరే ఉంది."

"పైవాళ్లు చెప్పింది అంతేనమ్మా. ముందు ఇది కానివ్వండి."

"కాగితంలో నలభై రెండు ఉంది. ఇంకా ఆరడుగులు."

మేస్త్రీ విసుగ్గా టేపు చుట్టుకున్నాడు. "రేపు చూద్దాంలే అమ్మా."

"రేపు ఎన్నింటికి?" అంది వానక్క.